పాత రైఫిల్ కొనే ముందు

(సూరత్‌లో మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను పెద్ద వక్తను కాదు. ఇంటర్‌తో చదువు ఆపి బెటాలియన్‌కి వెళ్ళినవాణ్ణి. ఇరవయ్యెనిమిదేళ్ళ సర్వీసులో నాలుగేళ్ళు కోత్ నా చేతిలో ఉంది. ఆ తర్వాత సూరత్ వచ్చి సెక్యూరిటీ సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. అందుకని ప్రతి రెండు మూడు నెలలకీ మనవాళ్ళెవరో ఒకరు ఫోన్ చేస్తారు. "సాబ్, ఒక పాత .315 రైఫిల్ అమ్మకానికి ఉందట, కొనొచ్చా?" అని. కార్యదర్శిగారు ఈ ఏడాది దాని మీదే మాట్లాడమన్నారు. ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పేదాన్ని ఇవాళ ఒకేచోట చెబుతాను.

ఎందుకు కొంటారో మనందరికీ తెలుసు. మహీధర్‌పురా, వరాఛా వజ్రాల బజార్ల దగ్గర, రింగ్ రోడ్డు బట్టల మార్కెట్లలో, బ్యాంకుల్లో ఉత్త గార్డుకి ఒక జీతం, తుపాకి ఉన్న గార్డుకి ఇంకో జీతం. 2023 డిసెంబరులో ఖజోద్‌లో డైమండ్ బోర్స్ ప్రారంభమయ్యాక ఈ మాట ఇంకా ఎక్కువగా వినబడుతోంది. ముప్పయ్యెనిమిదేళ్ళకో నలభయ్యేళ్ళకో పెన్షన్ వచ్చిన హవల్దార్‌కి పిల్లల చదువులింకా మధ్యలో ఉంటాయి. కమ్యుటేషన్ డబ్బులో కొంత తీసి తుపాకి మీద పెడదామనుకుంటాడు. కొత్తది కొనే స్థోమత లేక పాతదానికోసం వెతుకుతాడు. ఆ డబ్బు పోకూడదు, ఆ మనిషి మీద కేసు రాకూడదు. నా బాధంతా ఈ రెండింటి గురించే.

ముందు ఈ .315 అంటే ఏమిటో చెప్పాలి. మనలో చాలామంది ఎస్సెల్లార్ తోనో ఇన్సాస్ తోనో మొదలుపెట్టినవాళ్ళం. బోల్ట్ రైఫిల్ అంటే ఎన్‌సీసీలో పట్టుకున్న త్రీ నాట్ త్రీనే గుర్తు. బ్రిటిష్‌వాళ్ళ కాలంలో సైన్యం వాడే .303 తూటా పౌరుల చేతికి పోకూడదనుకున్నారు. అందుకని వేటగాళ్ళకీ ఎస్టేటు దొరలకీ వేరే తూటా చూపించారు. అది ఆస్ట్రియా-హంగరీ సైన్యం వాడిన 8 ఎంఎం మాన్‌లికర్ తూటా. ఇంగ్లండులో బీఎస్ఏ కంపెనీ లీ-ఎన్‌ఫీల్డ్ యంత్రానికి ఈ తూటాకి సరిపోయే బ్యారెల్ బిగించి ఇక్కడికి పంపేది. తర్వాత మన ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ అదే పద్ధతిలో చేసింది. 2021 అక్టోబరులో ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ బోర్డు రద్దయి ఏడు కంపెనీలయ్యాయి కదా, ఇషాపూర్ ఇప్పుడు వాటిలో ఒకదాని కింద ఉంది. చూడటానికి త్రీ నాట్ త్రీకి తమ్ముడిలా ఉంటుంది గానీ .303 రౌండు దీనికి పనికిరాదు. .303, 7.62 లాంటి సర్వీసు తూటాలు పేలే రైఫిళ్ళు ప్రొహిబిటెడ్ బోర్. మామూలు లైసెన్సు మీద వాటిని ముట్టుకోకూడదు. ఎవరైనా "అన్నా, అసలు త్రీ నాట్ త్రీ బ్యారెలే ఉంది, బలంగా ఉంటుంది" అని అమ్మజూపితే అక్కణ్ణుంచి లేచి వచ్చేయండి.

దీన్ని శికారీ రైఫిల్ అంటారు. పేరు మాత్రమే మిగిలింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక శికారుకు పోయే మాట లేదు. పంటలు పాడుచేసే అడవిపందుల్లాంటి వాటికి కూడా అధికారుల రాతపూర్వక అనుమతి ఉండాలి. ఊరెళ్ళినప్పుడు బావమరుదులు "బావా, ఒక్కసారి చెరువు గట్టుకి పోదాం" అంటారు. పోవద్దు. పెళ్ళి ఊరేగింపులో గాల్లోకి పేల్చమన్నా అంతే. 2019 సవరణ తర్వాత దానికి రెండేళ్ళ జైలు దాకా శిక్ష ఉంది.

ఇక కొనడం సంగతి. చాలామంది ముందు రైఫిల్ చూస్తారు, తర్వాత కాగితాలు చూస్తారు. నేను దీనికి పూర్తిగా వ్యతిరేకం. ముందు కాగితాలు చూడాలి. ఒకసారి రైఫిల్ భుజానికి ఆనించాక మన సిపాయి బుద్ధి ఆగదు. మనసు పడ్డాక కాగితంలో లొసుగు కనబడదు.

ముందు మీ సొంత లైసెన్సు తీసి చదువుకోండి. ఏ రకం ఆయుధానికి ఇచ్చారు, ఏ ప్రాంతానికి చెల్లుతుంది, ఎందుకోసం ఇచ్చారు, ఎంత కాలంలోగా కొనాలి, యూఐఎన్ నంబరు పడిందా లేదా అన్నవి చూసుకోండి. ఆత్మరక్షణ కోసం ఇచ్చిన లైసెన్సు మీద ఉద్యోగానికి తుపాకి మోయవచ్చా అన్నది ఏజెన్సీ వాడు చెప్పే విషయం కాదు. సూరత్ నగరంలో అయితే పోలీసు కమిషనర్ ఆఫీసులో, జిల్లాలో అయితే కలెక్టరాఫీసులో రాతపూర్వకంగా అడగండి. ఏజెన్సీ వాడు "అందరూ చేస్తున్నారు సాబ్" అంటాడు. కేసు వచ్చిన రోజున ఆ అందరూ కనబడరు.

కాశ్మీర్ పోస్టింగులో ఉండగా లైసెన్సు తీసుకున్న తమ్ముళ్ళకు ప్రత్యేకంగా ఒక మాట. 2012 నుంచి 2016 దాకా జమ్మూ కాశ్మీర్‌లో అర్హత లేనివాళ్ళకు లైసెన్సులు ఇచ్చారన్న ఆరోపణ మీద సీబీఐ దర్యాప్తు జరిగింది. 2.78 లక్షలకు పైగా లైసెన్సుల మాట అందులో వచ్చింది. అక్కడ తీసుకున్న ప్రతివాడూ తప్పు చేశాడని నేననను. మన జవాన్లలో చాలామంది నిజాయితీగా దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళే. కానీ అలాంటి లైసెన్సు చేతిలో ఉంటే, అది ఇక్కడ నమోదై, యూఐఎన్‌తో రికార్డులో కనబడుతోందని తేలేదాకా రైఫిల్ మీద ఒక్క రూపాయి పెట్టొద్దు.

తర్వాత అమ్మేవాడి లైసెన్సు. జిరాక్సు కాదు, ఒరిజినల్. అందులో రాసిన ఆయుధం నంబరు, రైఫిల్ బాడీ మీద కొట్టిన నంబరు, మొదట కొన్న బిల్లులో నంబరు, మూడూ ఒకటే కావాలి. ఒక అంకె అరిగి మూడో ఎనిమిదో తెలియకపోతే "ఎనిమిదే అయ్యుంటుంది" అనుకోకండి. నాకు తెలిసిన ఒక హవల్దార్ వేరే ఊళ్ళో అలాగే అనుకుని కొన్నాడు. రెన్యువల్‌కి వెళ్ళినప్పుడు రైఫిల్ తనిఖీకి పెట్టారు. పాత నంబరు అరగదీసి కొత్త నంబరు కొట్టినట్టు తేలింది. రైఫిల్ జప్తు అయింది. ఆయుధాల చట్టం 25వ సెక్షన్ కింద మనిషి కోర్టు చుట్టూ తిరిగాడు. గార్డు ఉద్యోగం ఎలాగూ పోయింది. అమ్మినవాడు ఫోన్ ఎత్తలేదు.

చట్టప్రకారం లైసెన్సుదారు తన సొంత ఆయుధాన్ని ఇంకో లైసెన్సుదారుకి అమ్ముకోవచ్చు. అయితే కొనేవాడి పేరు, చిరునామాతో జిల్లా మేజిస్ట్రేటుకి గానీ దగ్గరి పోలీసు స్టేషన్‌కి గానీ రాతపూర్వకంగా తెలియజేసి, 45 రోజులు గడిచాకే చేతులు మారాలి. కమిషనరేటులో ఎవరికి ఇవ్వాలో స్టేషన్‌లోనే చెబుతారు. ఇచ్చిన కాగితం మీద ముద్రతో రసీదు తీసుకోండి. ఆ 45 రోజులూ రైఫిల్ అమ్మేవాడి ఇంట్లోనే ఉండాలి. "డబ్బు ఇచ్చెయ్, సామాను పట్టుకుపో, కాగితాలు తర్వాత చూద్దాం" అన్నమాట ఎంత దగ్గరివాడు అన్నా ఒప్పుకోవద్దు. నన్నడిగితే లైసెన్సున్న డీలరు ద్వారా పోవడమే మేలు. కొంత కమీషన్ పోతుంది గానీ అతని రిజిస్టర్లో ఎంట్రీ పడుతుంది. ఇంకొకటి, ముందు ఒకరి దగ్గర మూడు ఆయుధాల దాకా ఉండొచ్చు. 2019 సవరణతో రెండే. లైసెన్సు గడువు మూడేళ్ళ నుంచి అయిదేళ్ళయింది.

ఇక్కడ కొనేవాళ్ళ మాట ఆపి అమ్మేవాళ్ళ మాట చెప్పాలి. పాత రైఫిళ్ళు ఎక్కువగా ఎక్కణ్ణుంచి వస్తున్నాయి? పోయినవాళ్ళ ఇళ్ళ నుంచి. ఉధ్నా దగ్గర మన హవల్దార్ ఒకాయన గుండెపోటుతో పోయారు. లైసెన్సు ఆయన పేరు మీద ఉంది, రైఫిల్ బీరువాలో ఉంది. లైసెన్సుదారు పోయాక ఇంట్లో ఆయుధం ఉంచుకోవడం చట్టరీత్యా కుదరదని ఆ తల్లికి తెలియదు. అది తెలిసినవాడు ఒకడు వచ్చాడు. "వదినా, పోలీసులు వస్తే మీ అబ్బాయిని తీసుకుపోతారు, నాకిచ్చెయ్యండి" అని భయపెట్టి ఇనుప సామాన్ల ధర చెప్పాడు. అదృష్టం, ఆమె కొడుకు నాకు ఫోన్ చేశాడు.

మేం వెళ్ళి చూశాం. కమిషనరాఫీసులో తెలియజేసి, రసీదు తీసుకుని రైఫిల్‌ని డీలరు దగ్గర డిపాజిట్ చేయించాం. ఆయుధాల చట్టం 21వ సెక్షన్ ఇందుకోసమే ఉంది. పోలీసు స్టేషన్‌లో గానీ లైసెన్సున్న డీలరు దగ్గర గానీ జమ చేయొచ్చు. సర్వీసులో ఉన్నవాళ్ళయితే యూనిట్ కోత్‌లో కూడా జమ చేయొచ్చు. జమ చేసినంత మాత్రాన హక్కు పోదు. వారసులు అర్హత ఉన్నవాళ్ళకి అమ్ముకోవచ్చు. ఆ రైఫిల్ విప్పి చూస్తే లోపల అద్దంలా ఉంది. పాపం ఆయన ప్రతి ఆదివారం చిందీ లాగేవాడట. ఆ తర్వాత నిదానంగా మన సంఘం సభ్యుడే న్యాయమైన ధరకి తీసుకున్నాడు. ఆ తల్లికి మొదట చెప్పిన ధరకూ చేతికొచ్చిన ధరకూ పోలికే లేదు. మీరు చవగ్గా దొరికిందని సంతోషించే రైఫిల్ వెనక ఎవరింటి బీరువా ఉందో ఒకసారి కనుక్కోండి. మీ ఇంట్లో ఆయుధం ఉంటే, లైసెన్సు ఎక్కడుందో, మీరు లేకపోతే ఎవరికి ఫోన్ చేయాలో ఈ రాత్రే ఇంట్లో చెప్పండి.

కాగితాలు సరిపోయాయి. ఇప్పుడు రైఫిల్ ముట్టుకుందాం. మొదట జాంచ్ శస్త్ర్. డీలరు కొట్లో ఉన్నా, ఖాళీ అని ప్రమాణం చేసినా, మ్యాగజిన్ తీసి, బోల్ట్ లాగి, ఛాంబర్‌లో చిటికెన వేలు పెట్టి చూశాకే మిగతాది.

కొత్తగా మెరుస్తుంటే అనుమానించండి. పాత రైఫిల్‌కి అంచుల్లో నలుపు అరిగి ఉండటం సహజం. మొత్తం ఒకే రంగులో నిగనిగలాడుతోందంటే మళ్ళీ బ్లూయింగ్ చేయించారన్నమాట. చేయించడం నేరం కాదు. కానీ అక్షరాల అంచులు మొద్దుబారి, ముద్రలు చెరిగినట్టుంటే, తుప్పు గుంటల్ని సాన పట్టి దాచారని అర్థం.

సూరత్‌లో ప్రత్యేకంగా ఒక ప్రశ్న అడగాలి. "2006 ఆగస్టులో ఈ రైఫిల్ ఎక్కడుంది?" ఉకాయ్ డ్యాం నుంచి వదిలిన నీళ్ళతో తాపీ పొంగి నగరంలో చాలా భాగం మునిగిన సంగతి ఇక్కడ పాతవాళ్ళకి చెప్పక్కర్లేదు. లింబాయత్‌లో మగ్గాల మీద బతికే మన పద్మశాలీల దగ్గర ఇప్పటికీ సంవత్సరాలు ఆ వరదకి ముందు, తర్వాత అని లెక్కపెడతారు. ఆ వరదలో నిలువు బీరువాల్లో, మంచాల కింద ఉన్న తుపాకులు రోజుల తరబడి బురద నీళ్ళలో ఉన్నాయి. పైభాగం తుడిచి నూనె రాశారు. కర్ర కింద దాగిన ఇనుమును ఎవరూ చూడలేదు. ముందు కర్ర విప్పి, బ్యారెల్ కింది వైపు చూస్తే బయటపడుతుంది. అమ్మేవాడు విప్పనివ్వనంటే మీరూ కొననని చెప్పండి. విప్పే పని ఆర్మరర్ చేత చేయించండి. ఈ పద్ధతి పాత రైఫిళ్ళలో కొన్నిటికి బట్ లోపలి పొడుగు బోల్ట్ కొస ముందు కర్రలోకి దిగి ఉంటుంది. ముందు కర్ర తీయకుండా బట్ బోల్ట్ తిప్పితే ఆ కర్ర చీలుతుంది. స్క్రూడ్రైవర్ పట్టుకున్న ప్రతివాడూ ఆర్మరర్ కాడు.

అన్నిటికన్నా ముఖ్యం బ్యారెల్. బోల్ట్ తీసేసి పుల్‌త్రూతో పొడి చిందీ లాగండి. నూనె నిండుగా ఉన్న బ్యారెల్ ఎప్పుడూ బాగానే కనబడుతుంది. పొడిచేశాక వెలుతురు వైపు పెట్టి చూడండి. గాళ్ళ అంచులు పదునుగా చివరిదాకా పోవాలి. అక్కడక్కడా నల్ల చుక్కలుంటే గార్డు పనికి నడుస్తుంది, ధర తగ్గించమనండి. గాళ్ళు మొత్తం తినేసి గొట్టం నున్నగా ఉంటే వద్దు. మధ్యలో నల్లటి ఉంగరంలా నీడ కనబడితే, ఎప్పుడో ఏదో అడ్డుపడి పేల్చారు, అక్కడ బ్యారెల్ ఉబ్బింది. బయట వేళ్ళతో నెమ్మదిగా తడిమితే ఆ ఉబ్బు తెలుస్తుంది. అలాంటిది ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు.

మజిల్ దగ్గర ఇంకో పరీక్ష ఉంది. ఆ తూటా సైజు డమ్మీ రౌండుని ముక్కు వైపు నుంచి మజిల్లో పెట్టండి. గుండు కొంత బయటే ఆగాలి. ఖోకా అంచు దాకా జారిపోతే మజిల్ బాగా అరిగిపోయింది. చాలాసార్లు ఈ అరుగుదల కాల్పుల వల్ల రాదు, పుల్‌త్రూ తాడును ఏటవాలుగా పక్కకి గుంజడం వల్ల వస్తుంది. రిక్రూట్లప్పుడు ఉస్తాద్ మనల్ని ఎందుకు తిట్టేవాడో ఇలాంటి మజిల్ చూస్తే తెలుస్తుంది.

బోల్ట్ వెనక పిడి దగ్గర నంబరు ఉంటుంది. అది బాడీ నంబరుతో కలవాలి. కలవకపోతే బోల్ట్ వేరే రైఫిల్‌ది. బోల్ట్ మూసినప్పుడు తూటా వెనక ఉండే సందునే హెడ్‌స్పేస్ అంటాం. బోల్ట్ మారితే ఆ లెక్క తప్పుతుంది. గేజ్ ఆర్మరర్ దగ్గరుంటుంది, దాంతోనే కొలిపించాలి. అది కుదిరేలోపు, ఆ రైఫిల్‌లో కాల్చిన పాత ఖోకాలుంటే అడిగి తీసుకుని చూడండి. అడుగుకి కొంచెం పైన మెరిసే గీత చుట్టూ పడినా, చీలిక వచ్చినా, క్యాప్ వెనక్కి పొడుచుకొచ్చినా సందు ఎక్కువైందని గుర్తు. ఖోకా తెగితే వేడి గ్యాసు వచ్చేది మీ కళ్ళ వైపే.

మన ఇన్సాస్ తమ్ముళ్ళు ఒకచోట పొరబడతారు. ఈ బోల్ట్ ముందుకి తోసేటప్పుడు చివర్లో గట్టిగా ఆనుతుంది. "సాబ్, జామ్ అవుతోంది" అంటారు. జామ్ కాదు. లీ-ఎన్‌ఫీల్డ్ మూసేటప్పుడే కాక్ అవుతుంది. ఆ స్ప్రింగు బిగువు ఉండాలి, అది లేకపోతేనే అనుమానించాలి. రౌండ్లు ఇరుక్కోవడం గురించి కూడా ఇలాగే ఫిర్యాదు చేస్తారు. ఈ తూటాకి అడుగున అంచు ఉంటుంది. మ్యాగజిన్లో పై రౌండు అంచు కింది రౌండు అంచుకి ముందు ఉండేలా నింపాలి. వెనక పడితే రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. మంచి మ్యాగజిన్‌ని చెడిందనుకుని మార్చినవాళ్ళున్నారు. ఈ మాట చెప్పి ధర తగ్గించినవాళ్ళూ ఉన్నారు.

సేఫ్టీ చూడటం మర్చిపోవద్దు. ఖాళీ రైఫిల్ కాక్ చేసి, సేఫ్టీ వేసి, ట్రిగ్గర్ గట్టిగా లాగి వదలండి. తర్వాత సేఫ్టీ తీయండి. అప్పుడు పిన్ను దానంతట అది పడకూడదు. సేఫ్టీ తీసి ఉంచి, బట్‌ని రబ్బరు చాప మీద రెండు మూడుసార్లు తట్టినా పడకూడదు. పడితే ఆ రైఫిల్ బ్యాంకు గుమ్మం దగ్గర నిలబెట్టేది కాదు. సైట్లు, స్లింగ్ కొక్కేలు, బట్ ప్లేటు లాంటివి చిన్న పనులు, వాటికోసం మంచి బ్యారెల్ వదులుకోవద్దు.

రౌండ్ల సంగతి. బీరువాలో ఇరవయ్యేళ్ళుగా ఉన్న పాత రౌండ్లను రైఫిల్‌తో పాటు అంటగడతారు. రౌండ్లకు కూడా లైసెన్సులో లెక్క ఉంటుంది, లెక్కలో లేనివి తీసుకోవద్దు. పచ్చ చిలుము పట్టినవి పేలకపోవచ్చు, లేదా ఆలస్యంగా పేలొచ్చు. రేంజిలో టిక్కుమని ఆగితే వెంటనే బోల్ట్ తెరవొద్దు. మజిల్ బట్స్ వైపే ఉంచి అర నిమిషం ఆగండి. కాల్చి చూడటం కూడా అనుమతి ఉన్న రేంజిలోనే. పొలంలో కాదు.

ధర ఎంత అంటారు. ఊరూరికీ మారుతుంది కాబట్టి అంకె చెప్పను. నా లెక్క ఒకటుంది. డీలరు దగ్గర కొత్తదాని ధర కనుక్కోండి. బ్యారెల్ బాగుండి, నంబర్లు కలిసి, కాగితాలు శుభ్రంగా ఉంటే అందులో సగం దాకా ఇవ్వొచ్చు. దానికి మించితే ఇంకొన్నాళ్ళు ఆగి కొత్తది కొనుక్కోవడమే నయం. బీఎస్ఏ అని రాసి ఉంది కదా అని కొందరు ఎక్కువ అడుగుతారు. ఆ పేరు గోడకి తగిలించుకునేవాడికి పనికొస్తుంది. గార్డుకి అరగని ఇషాపూర్ బ్యారెల్ అరిగిన బీఎస్ఏ కన్నా విలువైనది.

చివరగా కొంతమందికి నచ్చని మాట. మహీధర్‌పురా గల్లీలో మధ్యాహ్నం ఎలా ఉంటుందో మీకు తెలుసు. రోడ్డు మీదే పొట్లాలు విప్పి వజ్రాలు చూసుకుంటూ మనిషికి మనిషి తగిలేలా నిలబడతారు. అక్కడ .315 గుండు ఒక మనిషిని దాటి ఇంకో మనిషికి తగులుతుంది. అది దూరం పోయే తూటా. అలాంటి చోట పనికి 12 బోర్ గన్నే మేలని నా అభిప్రాయం. ఏజెన్సీ ఏది తెమ్మంటే అది కొనకుండా, ఏ గుమ్మం దగ్గర నిలబడాలో ముందు అడిగి, లైసెన్సు దానికి సరిపోతుందో చూసుకుని కొనండి. గోడౌను కాంపౌండుకో ఊరిబయట ఫ్యాక్టరీకో అయితే రైఫిల్ తీసుకోండి. ఎన్నికలొచ్చినప్పుడు ఆయుధం పోలీసులకి జమ చేయమంటారు. బ్యాంకు డ్యూటీ వాళ్ళు మినహాయింపు కోసం ముందే దరఖాస్తు పెట్టుకోవాలి, లేకపోతే ఆ నెలన్నరా జీతానికి ఇబ్బంది.

ఈ సభకి రైఫిల్ తీసుకురాలేదు, పిల్లలున్నచోటికి తేకూడదు. రెండు డమ్మీ రౌండ్లు, ఒక పుల్‌త్రూ, కాలిన ఖోకాలు నాలుగు తెచ్చాను. వాటిలో ఒకటి అడుగున మెరిసే గీత పడింది. భోజనాలయ్యాక వరండాలో ఉంటాను. కొనే ఆలోచన ఉన్నవాళ్ళు మీ లైసెన్సు కాపీ పట్టుకుని రండి, మొదట అది చదువుదాం. జై హింద్.